ఆ గడిలో తెలుగు అనే రాయండి

మార్చి మొదటివారం. చెట్లు ఇంకా పూర్తిగా చిగురించలేదు గానీ మా ఆఫీసు ముందు కార్లు పెట్టే జాగా పొద్దున్నే నిండిపోయింది. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, మెకిన్నీ చుట్టుపక్కల స్కూల్ డిస్ట్రిక్టులన్నిట్లో ఇది వచ్చే ఏడాది చేరికల కాలం. అలాంటి ఒక డిస్ట్రిక్టులో తొమ్మిదేళ్ళుగా నేను తెలుగు దుబాసీగా పనిచేస్తున్నాను. ఇంగ్లీషులో ఉన్న కాగితాన్ని తెలుగులో చెప్పడం, తెలుగులో ఉన్న బాధను ఇంగ్లీషులో చెప్పడం నా ఉద్యోగం.

ఆ రోజు నా ఎదురుగా కూర్చున్న కుటుంబం కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. తండ్రి చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో పాస్‌పోర్టు కాపీలు, అపార్ట్‌మెంట్ లీజు, కరెంటు బిల్లు. నాయనమ్మ ఒళ్ళో నాలుగేళ్ళ పాప. తండ్రి అన్నీ పూర్తిచేసి, 'ఇంట్లో ఏ భాషలు వాడతారు' అన్న గడి దగ్గర క్షణం ఆగి 'ఇంగ్లీష్' అని రాశాడు. సరిగ్గా అప్పుడే పాప నాయనమ్మ గడ్డం పట్టుకుని, "నానమ్మా, ఇంకెంతసేపు గీడ? ఇంటికి పోదాం పా" అంది.

నేను ఆయన వంక చూశాను. ఆయన గొంతు తగ్గించి, "అక్కా, తెలుగు అని రాస్తే పాపను ఈఎస్ఎల్‌లో ఏస్తరంట గదా. ఎనకబడిపోతదని మా దోస్తులు జెప్పిండ్రు" అన్నాడు.

ఈ మాట నేను ఏటా వింటాను. తెలివైన, పెద్ద ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రుల నోటినుంచే వింటాను. వాళ్ళు ఏం పోగొట్టుకుంటున్నారో వాళ్ళకు తెలియదన్నదే నా బాధ. అందుకే ఆ ఒక్క గడి గురించి వివరంగా చెబుతాను.

టెక్సస్‌లో పబ్లిక్ స్కూల్లో కొత్తగా చేరే ప్రతి బిడ్డకూ ఈ ఇంటి భాష ఫారం ఉంటుంది. ఇంట్లో ఏ భాషలు వాడతారు, బిడ్డ ఏ భాష వాడుతుంది, అంతకు ముందు వేరే ఇంట్లో పెరిగితే అక్కడ ఏ భాష అన్నవి అందులోని ప్రశ్నలు. ఇంగ్లీషు కాకుండా మరో భాష రాస్తే నాలుగు వారాల్లోగా బిడ్డకు ఇంగ్లీషు ఎంత అర్థమవుతోందో చిన్న పరీక్ష పెడతారు. బాగా వచ్చని తేలితే అంతటితో సరి. రాదని తేలితే ఒక కమిటీ కూర్చుని ఈఎస్ఎల్, అంటే ఇంగ్లీషును రెండో భాషగా నేర్పే సాయం, ఇవ్వాలని సిఫారసు చేస్తుంది. దానికి మీ సంతకం కావాలి. వద్దనుకుంటే వద్దని రాసివ్వొచ్చు. వద్దన్నా, ఇంగ్లీషు వచ్చేసిందని తేలేదాకా ఏటా వసంతంలో టెల్పాస్ అనే పరీక్ష మాత్రం రాయాలి. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అందులో నాలుగు భాగాలు. ప్రాథమిక తరగతుల్లో ఈఎస్ఎల్ పిల్లలు చాలాచోట్ల మిగతా పిల్లలతోనే అదే క్లాసులో కూర్చుంటారు. ఆ టీచరుకు అదనపు శిక్షణ ఉంటుంది, అంతే.

ఇక పోగొట్టుకునేది. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్ళు నిండిన బిడ్డకు ఇంగ్లీషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాకపోతే, ఆ ఒక్క కారణంతోనే టెక్సస్‌లో ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది బడి, ఉచితం. తల్లిదండ్రుల జీతం ఎంతని అడగరు. 2019లో వచ్చిన చట్టం తర్వాత ఆ అర్హత ఉన్న నాలుగేళ్ళ పిల్లలకు పూట బడి కాదు, రోజంతా బడి. బయట ప్రైవేటు ప్రీస్కూలుకు నెలకు వెయ్యి డాలర్లు దాటుతున్న రోజుల్లో, నాయనమ్మతో తెలుగే మాట్లాడుతూ పెరిగిన ఆ పాపకు ఆ తెలుగే బడి తలుపు తెరిచే తాళంచెవి. తండ్రి 'ఇంగ్లీష్' అని రాయడంతో ఆ తాళంచెవి పారేసుకునేవాడు. బిడ్డకు పరీక్ష పెట్టాక ఆ ఫారంలో రాసింది మార్చడానికి ఉండదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఒకే తరగతిలో ఒకే భాష మాట్లాడుతూ ఇంగ్లీషు సాయం కావలసిన పిల్లలు డిస్ట్రిక్టు మొత్తం మీద ఇరవై మంది తేలితే, ఆ భాషలో ద్విభాషా బోధన ఏర్పాటు చేయాలని రాష్ట్ర నియమం. ఇప్పటిదాకా దీనివల్ల ఎక్కువగా లాభపడింది స్పానిష్ మాట్లాడే పిల్లలు. తెలుగుకు టీచర్లు దొరకడం కష్టమన్నది వేరే చర్చ. కానీ మన పిల్లల్ని మనమే లెక్కలోంచి తీసేస్తే ఆ చర్చ మొదలుకాదు. తెలుగు పుస్తకాలు లైబ్రరీకి తెప్పించాలన్నా, నాలాంటి దుబాసీని మరొకరిని పెట్టుకోవాలన్నా డిస్ట్రిక్టు ఆ లెక్కే చూస్తుంది.

మనకు దయతో ఇస్తున్నది కాదిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా కుటుంబాలు, ఇంగ్లీషు రాని తమ పిల్లలు సుమారు 1,800 మందిని ఏ సాయమూ లేకుండా క్లాసులో కూర్చోబెట్టారని కోర్టుకెక్కితే, 1974లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. అర్థంకాని పాఠం చెప్పడం చదువు చెప్పినట్టు కాదన్నది ఆ తీర్పు సారం. మనం వచ్చి కూర్చున్న కుర్చీ వాళ్ళు వేసింది.

కరీంనగర్ తండ్రి 'ఇంగ్లీష్' కొట్టేసి 'తెలుగు' అని రాశాడు. పక్కన పొట్టి సంతకం పెట్టాడు.

తర్వాతి చిక్కు టీకాల కార్డు. ఇండియా నుంచి తెచ్చిన కార్డు చూసి మనవాళ్ళు అన్నీ వేయించామనే అనుకుంటారు. నిజంగానే వేయించి ఉంటారు. కానీ అక్కడి సర్కారీ టీకాల పట్టికలో తొమ్మిదో నెలలో వేసేది తట్టు, రూబెల్లా మందు. ఇక్కడ కావలసింది గవదబిళ్ళల మందు కూడా కలిసిన ఎమ్ఎమ్ఆర్, అదీ మొదటి పుట్టినరోజు తర్వాత, రెండు మోతాదులు. అమ్మవారు పోసే ఆటలమ్మకు రెండు, హెపటైటిస్-ఏకి రెండు కూడా కిండర్‌గార్టెన్‌కి తప్పనిసరి. ఈ రెండూ సర్కారీ పట్టికలో లేవు. మన బీసీజీ, టైఫాయిడ్ టీకాలను ఇక్కడ అడగరు. ఇంకా చిన్నదిగా కనిపించే పెద్ద తంటా తేదీలది. కార్డు మీద 05/04 అని ఉంటే మనకది ఏప్రిల్ 5, ఇక్కడి నర్సుకు మే 4. ఆ నెల తేడాతో ఒక మోతాదు చెల్లకుండా పోవచ్చు. కార్డు ఇచ్చేముందు ప్రతి తేదీ పక్కన నెల పేరు అక్షరాల్లో రాసివ్వండి. నేను అందరికీ మొదట చెప్పేది ఇదే.

అన్ని మోతాదులూ పూర్తికాలేదని బిడ్డను చేర్చుకోరేమోనన్న భయం అక్కర్లేదు. కావలసిన ప్రతి టీకా ఒక్క మోతాదైనా పడి ఉంటే తాత్కాలికంగా చేర్చుకుంటారు, మిగతావి సమయానికి వేయిస్తూ పోవాలి. ఇన్సూరెన్స్ లేని పిల్లలకు టీకా మందు ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది, నర్సును అడిగితే ఎక్కడ వేస్తారో చెబుతుంది. ఏడో తరగతిలోకి వెళ్ళే పిల్లలకు మరో రెండు టీకాలు కావాలి, ఆ కబురు కూడా వసంతంలోనే వస్తుంది. నర్సు పట్టుబడుతోందని విసుక్కోకండి. 2025లో పశ్చిమ టెక్సస్‌లో తట్టు పుట్టి 762 మందికి సోకింది. బడి ఈడు పిల్లలు ఇద్దరు చనిపోయారు.

వీసా మాట. స్కూల్లో ఎవరూ మీ వీసా అడగకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే రాష్ట్రమే బిడ్డకు వేరే నంబరు ఇస్తుంది. ఈ హక్కు పుట్టింది మా టెక్సస్‌లోనే. టైలర్ అనే ఊరి స్కూల్ డిస్ట్రిక్టు, కాగితాలు లేని పిల్లల దగ్గర ఏడాదికి వెయ్యి డాలర్ల ఫీజు అడిగితే ఆ తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. 1982లో సుప్రీంకోర్టు పిల్లలందరికీ బడి తలుపు తెరవాల్సిందేనని చెప్పింది. ఇవాళ హెచ్-4 వీసా మీద ఉన్న మన పిల్లలు ఏ ప్రశ్నా లేకుండా బస్సెక్కుతున్నారంటే వెనక ఆ కుటుంబాల ధైర్యం కూడా ఉంది.

రెండేళ్ళ క్రితం ఒకావిడ ఇద్దరు పిల్లలతో వచ్చింది. భర్త ఉద్యోగం పోయింది, లీజు మధ్యలో వదిలేశారు, స్నేహితుల ఇంట్లో ఒక గదిలో సర్దుకుంటున్నారు. కరెంటు బిల్లు తమ పేరుమీద లేదని తలవంచుకుని కూర్చుంది. "మేం ఇల్లు లేనివాళ్ళం కాదండీ, ఏదో రెండు నెలలు" అని పదేపదే అంది. నేను ఆవిడతో నెమ్మదిగా చెప్పాను. 1987 నుంచి ఉన్న మెక్‌కిన్నీ-వెంటో అనే చట్టం కింద, ఇల్లు పోయి, డబ్బు ఇబ్బందితో ఇంకొకరి ఇంట్లో తలదాచుకుంటున్న పిల్లలకు ప్రత్యేక రక్షణ ఉంది. చిరునామా కాగితం లేకపోయినా అదేరోజు చేర్చుకోవాలి. పాత బడిలోనే కొనసాగాలంటే రాకపోకలకు ఏర్పాటు చేయాలి. మధ్యాహ్న భోజనం ఉచితం. ప్రతి డిస్ట్రిక్టులో ఈ పని చూసే అధికారి ఒకరు తప్పకుండా ఉంటారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని మొదట అడిగింది, "మావాడి టీచర్‌కి తెలుస్తుందా?" అని. అవసరమైనవాళ్ళకు తప్ప చెప్పరని హామీ ఇచ్చాకే సంతకం పెట్టింది. పరువు మనకు ప్రాణం, నాకు తెలుసు. కానీ పిల్లవాడు బడి మానేసి గదిలో కూర్చోవడం కంటే ఒక సంతకం మేలు.

ఇప్పుడు నా సొంత సంగతి. ఇది రాయడానికి చాలాసార్లు వెనకాడాను.

మావాడు రెండో తరగతిలో ఉండగా చదవడంలో బాగా తడబడేవాడు. పేదరాశి పెద్దమ్మ కథ మా అమ్మ ఒక్కసారి చెబితే వారం తర్వాత పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాడు. కానీ పుస్తకంలో పై వరుసలో కష్టపడి చదివిన మాటే కింద వరుసలో కనబడితే కొత్తదాన్ని చూసినట్టు చూసేవాడు. మా నాన్నగారు పల్నాడులో జిల్లాపరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు తెలుగు పండితులుగా పనిచేశారు. వీడియో కాల్‌లో పది నిమిషాలు విని, "అమ్మా, వీడికి చూపు బాగానే ఉంది. అక్షరానికీ శబ్దానికీ ముడి పడటం లేదు. ఎవరికైనా చూపించు" అన్నారు. ఏప్రిల్‌లో నేను వెళ్ళి క్లాసు టీచరుతో నోటిమాటగా చెప్పాను. ఆమె మంచి మనిషే. "రెండు భాషల పిల్లలు ఆలస్యంగా అందుకుంటారు, చూద్దాం" అంది. నేను తలూపి వచ్చేశాను. ఏ స్కూలన్నది ఇక్కడ అనవసరం. వేసవి గడిచింది, మూడో తరగతి మొదలైంది, పరీక్షలు జరిగేసరికి చలికాలం. డిస్‌లెక్సియా అని తేలింది. తర్వాత రోజూ ప్రత్యేక బోధన, ఏడాదిన్నరలో వాడు సొంతంగా పుస్తకం చదివాడు. నేను తలూపి వచ్చిన ఆ ఏప్రిల్ నుంచి చలికాలం దాకా వాడు తనను తాను మొద్దబ్బాయినని అనుకుంటూ గడిపిన నెలలను నేను తిరిగి తేలేను.

అప్పుడు నాకు తెలియంది ఇప్పుడు ప్రతి తల్లికీ చెబుతున్నాను. చెప్పొద్దు, రాసివ్వండి. చదువులో, మాటలో, నడవడికలో ఏదో అడ్డుపడుతోందని అనిపిస్తే, 'మా బిడ్డకు ప్రత్యేక విద్య కోసం పూర్తి పరీక్షలు చేయించమని కోరుతున్నాను' అని తేదీ వేసి ప్రిన్సిపాల్‌కో, డిస్ట్రిక్టు స్పెషల్ ఎడ్యుకేషన్ అధికారికో ఈమెయిల్ పంపండి. ఇంగ్లీషులో తప్పులున్నా ఫరవాలేదు. ఆ ఉత్తరం అందిన 15 బడిరోజుల్లో స్కూలు జవాబివ్వాలి. పరీక్షలకు ఒప్పుకుంటే మీ సంతకం తీసుకుంటారు. కాదంటే ఎందుకు కాదో రాతలో చెప్పాలి. మీరు సంతకం పెట్టాక 45 బడిరోజుల్లో నివేదిక రావాలి. ఖర్చంతా డిస్ట్రిక్టుదే. మూడేళ్ళు నిండిన పిల్లల నుంచే ఇది వర్తిస్తుంది, ఇంకా బడిలో చేరకపోయినా సరే.

వసంతం ఇక్కడే ముఖ్యమవుతుంది. లెక్క బడిరోజుల్లో కదా, వేసవి సెలవులు లెక్కలోకి రావు. అందుకే మరో నియమం పెట్టారు. మీ సంతకం బడి మూసే ఆఖరిరోజుకు 35 బడిరోజులైనా ముందు అందితే, 45 రోజులు పూర్తికాకపోయినా జూన్ 30 లోపల నివేదిక చేతికి రావాలి. అంతకంటే ఆలస్యమైతే పని ఆగస్టు తర్వాతికి పోతుంది. మా వైపు బడులు మే నెలాఖరులో మూస్తారు. అక్కడినుంచి 35 రోజులు వెనక్కి లెక్కపెడితే ఏప్రిల్ మొదలు. ఇంకా వెనక్కి జవాబుకు పట్టే 15 రోజులు, మధ్యలో స్ప్రింగ్ బ్రేక్. అంటే ఉత్తరం ఫిబ్రవరి ఆఖరుకో, మార్చి మొదటి రోజుల్లోనో వెళ్ళాలి. నేను ఏప్రిల్‌లో నోటిమాటగా అడిగాను.

టెక్సస్ తల్లిదండ్రులు ఈ విషయంలో గట్టిగా ఉండటానికి ఇంకో కారణముంది. 2004 నుంచి పన్నెండేళ్ళకు పైగా ఈ రాష్ట్రం ప్రత్యేక విద్య పొందే పిల్లల వాటా 8.5 శాతం చుట్టూ ఉండేలా డిస్ట్రిక్టులకు కొలత పెట్టింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది, మరుసటేడు శాసనసభ దాన్ని నిషేధించింది, 2018లో కేంద్ర విద్యాశాఖ అది చట్టవిరుద్ధమని తేల్చింది. 'చూద్దాం' అన్న మాట వెనక ఒక్కోసారి అలాంటి కొలతలు కూడా ఉండేవి. ఇప్పుడు ఆ కొలత లేదు. కిండర్‌గార్టెన్ పిల్లలందరినీ ఏడాది చివర్లో డిస్‌లెక్సియా కోసం చూసి తీరాలి, ఫలితం అడిగి తీసుకోండి.

పరీక్షల నివేదిక వచ్చాక మీ బిడ్డ గురించి స్కూలు పెట్టే సమావేశాన్ని ఇక్కడ ఆర్డ్ మీటింగ్ అంటారు. తెలుగు దుబాసీ కావాలంటే స్కూలే ఏర్పాటు చేయాలి, డబ్బు అడగకూడదు. పెద్దకొడుకును పక్కన కూర్చోబెట్టి తమ్ముడి సంగతి వాడిచేత చెప్పించుకునే తల్లుల్ని చూశాను. పన్నెండేళ్ళ పిల్లవాడు తమ్ముడి లోపాన్ని అమ్మకు తెలుగులో చెప్పాల్సి రావడం చాలా బరువు. వాడికి కష్టంగా ఉన్న మాటలను వాడు మింగేస్తాడు కూడా.

పరీక్షల మాట క్లుప్తంగా. ఏప్రిల్ వచ్చిందంటే రాష్ట్రమంతటా పెట్టే స్టార్ పరీక్షలు, మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా. అందులో తప్పారని పై తరగతికి పంపకుండా ఆపరు. తప్పితే అదనపు బోధన ఇస్తారు, అంతే. 2027-28 నుంచి వాటి స్థానంలో ఏడాదికి మూడు చిన్న పరీక్షలు రాబోతున్నాయి. మనవాళ్ళు నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఆరో తరగతి అడ్వాన్స్‌డ్ మ్యాథ్ గురించి. ఐదో తరగతి లెక్కల స్టార్‌లో రాష్ట్రంలో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని అడగకుండానే అందులో వేయాలని 2023లో చట్టమైంది. వద్దంటే తీయించుకోవచ్చు. దానికోసం మూడో తరగతి నుంచి ట్యూషన్లు తిప్పే ఓపికలో సగం, బిడ్డ బడిలో సంతోషంగా ఉందా లేదా అని కనుక్కోవడానికి పెడితే బాగుంటుందని నా అభిప్రాయం.

భోజనం దరఖాస్తు ఏడాదిలో ఎప్పుడైనా పెట్టొచ్చు, ఉద్యోగం పోయిన నెలలోనే పెట్టొచ్చు. తగ్గింపు ధరకు అర్హులైతే మధ్యాహ్న భోజనానికి 40 సెంట్లకు మించి తీసుకోరు. బడి మూసేశాక వేసవిలో ఎన్నో స్కూళ్ళలో, లైబ్రరీల్లో 18 ఏళ్ళలోపు ఎవరికైనా పేరు, కాగితం అడగకుండా అన్నం పెట్టే చోట్లు ఉంటాయి. 211కి ఫోన్ చేస్తే మీ దగ్గరలోది చెబుతారు, తెలుగు మాట్లాడేవారిని లైన్‌లోకి పిలవమని అడగండి.

మా నాన్నగారి కాలంలో కొత్త తరగతులు మొదలయ్యే ముందు టీచర్లే ఎండలో ఇల్లిల్లూ తిరిగేవారు. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, "పిల్లను బడికి పంపండమ్మా" అని బతిమాలి పేరు రాసుకొచ్చేవారు. ఇక్కడ గుమ్మంలోకి ఎవరూ రారు. వారానికి నాలుగు ఈమెయిళ్ళు వస్తాయి, ఇంగ్లీషులో, పొడుగ్గా, నిధుల సేకరణ పరుగుపందెం కబురూ, కిండర్‌గార్టెన్ చేరికల కబురూ ఒకేచోట కలిసిపోయి. వాటిని తెరవకుండా పక్కకు తోసేసి ఆగస్టులో పరిగెత్తుకొచ్చే కుటుంబాల్లో మనవాళ్ళు చాలామంది ఉంటారు. అప్పటికి ప్రీ-కే సీట్లు దగ్గరి స్కూల్లో నిండిపోయి ఉంటాయి.

ఓటు లేదు కదా, మన మాట ఎవరు వింటారని కొందరంటారు. స్కూల్ బోర్డు సభ్యులు జీతం లేకుండా పనిచేసే ఊరి మనుషులే. వాళ్ళను ఎన్నుకోవడానికి పౌరసత్వం కావాలి గానీ, వాళ్ళ సమావేశంలో పేరు నమోదు చేసుకుని నాలుగు మాటలు మాట్లాడటానికి అక్కర్లేదు. నిరుడు ఒక నాయనమ్మ అక్కడ తెలుగులో మాట్లాడింది, నేను పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పాను. బస్సు ఆగేచోట నీడ లేదని ఆవిడ ఫిర్యాదు. సభ్యులందరూ రాసుకున్నారు.

మీ ఇంట్లో సెప్టెంబరు 1 నాటికి నాలుగో, ఐదో నిండే బిడ్డ ఉంటే ఈ వారమే మీ స్కూల్ డిస్ట్రిక్టు ఆఫీసుకు వెళ్ళండి. బిడ్డ పుట్టిన తేదీ కాగితం, టీకాల కార్డు, లీజు లేదా కరెంటు బిల్లు, మీ గుర్తింపు కార్డు పట్టుకెళ్ళండి. ఏదైనా ఒకటి లేకపోయినా ఆగకండి, వెళ్ళి అడగండి. కౌంటరు దగ్గర "నాకు తెలుగు మనిషి కావాలి" అనండి. మనిషి లేకపోతే ఫోన్‌లో పిలిపిస్తారు. ఇంటి భాష గడి వచ్చినప్పుడు తెలుగు అనే రాయండి.